గుడ్లమీది కోడి

పద్దెనిమిది రోజులుగా గుడ్లమీద కూర్చున్న కోడిని రెక్కలు పట్టి లేపే హక్కు ఎవరికి ఎవరిచ్చారు? రాయదుర్గంలో ఈ ప్రశ్నకు జవాబు చెప్పినవాళ్లు లేరు. నిజాం పాలన ఉన్నన్నాళ్లూ చెప్పలేదు. ఆ పాలన పోయిన రెండు నెలలకు, పంతొమ్మిది వందల నలభై ఎనిమిది నవంబరులో ఒక సోమవారం, పటేలు పంపిన గంప రుక్కమ్మ వాకిట్లో దిగినప్పుడు కూడా చెప్పలేదు.

గంప తెచ్చినవాడు మొగిలి. అతడు ఊరి సేత్‌సింధి, అంటే పటేలు చెప్పిన ప్రతి పనీ చేసే కావలి నౌకరు. గంపలో అప్పటికే ఎనిమిది పెట్టలు కాళ్లకు నార కట్టి ఒకదానిమీద ఒకటి పడి ఉన్నాయి. అడుగున ఉన్నది నోరు తెరుచుకుని ఊపిరి తీస్తోంది. ఎండలో కోళ్లను అలా పేర్చకూడదని మొగిలికి తెలుసు. అయినా పేర్చాడు.

రుక్కమ్మ అప్పుడు కొట్టంలో మడమలమీద కూర్చుని మచ్చల పెట్టను చూస్తోంది. పొదిగే కోడి రోజుకొక్కసారే లేస్తుంది. ఎండ గోడ దిగే వేళ దానికి గుప్పెడు జొన్నలు, మూకుడుతో నీళ్లు పెట్టి, పేలు పట్టకుండా బూడిదలో పొర్లనిచ్చి, గుడ్లు చల్లబడకముందే మళ్లీ గంపలోకి పంపడం రుక్కమ్మ పని. పద్దెనిమిది రోజులదాకా రోజుకు ఎన్నోసార్లు గుడ్లను కోడే ముక్కుతో తిప్పుకుంటుంది. పద్దెనిమిదో రోజు దాటాక తిప్పడం మానేస్తుంది. లోపలి పిల్ల తల ఎటు పెట్టాలో నిర్ణయించుకునే సమయం అది. అప్పుడు మనుషులు చెయ్యి పెట్టకూడదు.

వేసవిలో కొక్కెర తెగులు వచ్చి రుక్కమ్మ పెరట్లో ఇరవై రెండు కోళ్లు మెడలు వంకర తిరిగి చచ్చాయి. తెగులు తగిలి, పచ్చగా పారి, పదకొండు రోజులు తల ఎత్తకుండా పడి ఉండి, ఆ తర్వాత లేచి నిలబడ్డది ఈ మచ్చలదొక్కటే. అందుకే రుక్కమ్మ దాన్ని అమ్మలేదు, కొయ్యలేదు. నానక్‌రామ్‌గూడలో చెల్లెలి ఇంటినుంచి పుంజును తెచ్చి, పదిహేను రోజులు దూరంగా కట్టేసి, రోజూ దాని రెట్ట చూసి, రోగం లేదని నమ్మాకే పెరట్లోకి వదిలింది. తెగులును గెలిచిన తల్లి పిల్లలే మళ్లీ తెగులు వచ్చినప్పుడు నిలుస్తాయని ఆమె నలభై ఏళ్ల అనుభవం. ఈ పదమూడు గుడ్లూ పోతే ఆ వంశం పోయినట్టే. సంతలో ఎన్ని కోళ్లు కొన్నా అది తిరిగి రాదు.

"రుక్కక్కా, నీదొక్కటి కావాలె. తొమ్మిది తెమ్మన్నడు పటేలు," అన్నాడు మొగిలి.

"గుడ్లమీదున్నది. కానొస్తలేదా?"

"కానొస్తున్నది."

"మరి?"

మొగిలి ఊరి వెనక గుట్టల వైపు చూశాడు.

పుంజును తీసుకుపొమ్మంది రుక్కమ్మ. పుంజు మాంసం నారలా ఉంటుందట, ఊళ్లో మకాం వేయడానికి వచ్చే అధికారికి పెట్టలే కావాలట. అయితే పద్దెనిమిది రోజులుగా సగం కడుపుతో కూర్చున్న దీని ఒంట్లో ఏముంది, రొమ్ము ఎముక కత్తిలా తగులుతుంది, చెయ్యి పెట్టి చూడమంది. మొగిలి చూడలేదు. అతనికి లెక్క కావాలి గాని మాంసం కాదు. ఇంతకుముందు అధికారుల మకాములకు కోళ్లు పట్టినవాళ్లు కూడా పొదిగే కోడి జోలికి రాలేదని, ఆ మాత్రం నీతి ఈ ఊళ్లో ఉండేదని గుర్తు చేసింది. నిజమేనన్నాడు. ఇంతకీ వచ్చే అధికారి దేనికి వస్తున్నాడని అడిగింది.

"వెట్టి బందయిందని చెప్పెటందుకు," అన్నాడు మొగిలి. అతను నవ్వలేదు. నవ్వి ఉంటే రుక్కమ్మకు కొంత సులువయ్యేది.

కోడి అతని మణికట్టును పొడిచింది. రెండుసార్లు పొడిచి, మూడోసారి పొడవబోయేలోగా అతడు రెండు రెక్కలూ ఒక్క పట్టున పట్టి పైకి లేపాడు. రెక్క కింద ఇమిడి ఉన్న ఒక గుడ్డు కోడితో పాటు లేచి, గంప అంచుకు తగిలి నేలమీద పడింది. పెంకు విడిపోయింది. లోపల పిల్ల ఉంది. నల్లని తడి నూగు, మూసిన కళ్లు, పొట్టకు అంటుకున్న పచ్చసొన. కాలు ఒకసారి చాచి ఆగిపోయింది.

మొగిలి దాన్ని చూశాడు. కోడిని తన గంపలో వేసి, గంప నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయాడు.

కోడలు నీలమ్మ పొలంనుంచి వచ్చేసరికి రుక్కమ్మ పొయ్యిమీద పెనంలో వడ్ల ఊక వేడి చేస్తోంది. ఏడవడానికి వ్యవధి లేదు. పద్దెనిమిదో రోజు గుడ్డుకు తన వేడి కొంత తనకే ఉంటుంది. గంట రెండు గంటలు ఓర్చుకుంటుంది, పూట ఓర్చుకోదు. ఊకను చేతి వెనకభాగాన తాకి, చంటిపిల్ల ఒంటి వేడి కన్నా కాస్త ఎక్కువ ఉన్నప్పుడు దించి, గంపలో పరిచి, గుడ్లను మొద్దు చివర పైకి ఉండేట్టు పేర్చి, పైన పాత గొంగడి కప్పింది. పెనంలో మరో విడత ఊక వేసి మంట తగ్గించమని కోడలికి చెప్పింది.

ఆ తర్వాత వెడల్పు గిన్నెలో గోరువెచ్చని నీళ్లు పోసి ఒక్కొక్క గుడ్డే వదిలింది. బతికిన పిల్ల ఉన్న గుడ్డు నీటిలో తేలి, గాలి లేకపోయినా ఉండుండి కదులుతుంది. చచ్చింది కదలదు. నీలమ్మ గిన్నె మీదికి వంగి చూసింది. మొదటిది కదిలింది. రెండోది చాలాసేపు ఊరుకుని, ఇక తీసేద్దామనుకునే సమయానికి చిన్నగా వణికింది. పన్నెండింటిలో పది కదిలాయి. కదలని రెండింటినీ రుక్కమ్మ పక్కన పెట్టింది. తడి తుడవకుండా, రుద్దకుండా, పొడిగుడ్డమీద దొర్లించి పదింటినీ ఊకలోకి చేర్చింది.

ఊళ్లో పొదిగే కోడి ఇంకేదైనా ఉందేమోనని నీలమ్మ నాలుగిళ్లూ తిరిగి వచ్చింది. కిష్టమ్మ కోడి వారం కిందటే పొదుగు మాని లేచింది. చంద్రమ్మ ఎర్రకోడి మొగిలి గంపలో పోయింది. ఇంకెక్కడా లేదు.

"ఊకతోని మూడు దినాలు ఆపొచ్చా అత్తా?" అంది నీలమ్మ.

"రాత్రి నిద్రపోతే పోతయి," అంది రుక్కమ్మ. "నిద్రపోకున్నా నాలుగైదు పోతయి. తల్లి పొట్టకిందుండే తడి మనం తేలేం."

సాయంత్రం మళ్లీ మొగిలే వచ్చాడు. ఈసారి అతని చేతిలో గంప లేదు. పటేలమ్మ పిలుస్తోందన్నాడు.

సంగతి ఇది. అధికారికంటే ముందుగా వచ్చిన వంటవాడు తొమ్మిది కోళ్ల రొమ్ములూ వేలితో నొక్కి చూసి, మచ్చలదాన్ని పక్కకు నెట్టేశాడు. ఎముకల గూటిని వండి పెడితే దొర తనను తంతాడన్నాడు. పటేలు రామచంద్రం భార్య సీతాబాయి, వచ్చిన కోడిని వట్టిగా ఎందుకు పోగొట్టుకోవాలని, తన ఇంట్లో ఉన్న గుడ్లు ఎనిమిది బుట్టలో పెట్టి దాన్ని కూర్చోబెట్టబోయింది. కోడి కూర్చోలేదు. మూడుసార్లు ఒత్తి కూర్చోబెడితే మూడుసార్లూ లేచి, గోడవార నిలబడి, గొంతులో గరగరమంది. రుక్కమ్మ చెయ్యి మంచిదని ఊరంతా అంటుంది కదా, వచ్చి కూర్చోబెట్టాలి.

అంటే ముందు కోడిని పట్టుకుపోయారు. ఇప్పుడు కోడి సంగతి తెలిసిన చెయ్యి కూడా ఊరికే కావాలి.

రుక్కమ్మ వెళ్లింది. పటేలు ఇంటి కొట్టంలో మచ్చల పెట్ట గోడవార నిలబడి ఉంది. పొట్టకింద ఈకలు రాలిన చోట చర్మం ఎర్రగా, పొదిగే కోడి చర్మంలా వేడిగా ఉంది. ఇంకా పొదుగు విరగలేదు, అంటే పొదిగే కోరిక పోలేదు. రుక్కమ్మ ఆ ఒక్క విషయం చూసుకుని లేచి నిలబడింది.

పట్టపగలు చోటు మార్చిన కోడి కొత్త గూటిలో కూర్చోదని, చీకటి పడుతుండగా, దాని పాత గంపనే తెచ్చి, పాత ఊక వాసన తగిలేట్టు పెడితేనే కూర్చుంటుందని చెప్పింది. చల్లటి గుడ్లమీద అసలు కూర్చోదని, వెచ్చని గుడ్లు కావాలని కూడా చెప్పింది. ఇవన్నీ నిజాలే. చివరి నిజం కూడా దాచలేదు.

"నా గంపల నా గుడ్లు పదున్నయి పటేలమ్మా. అవి పెడత. మీ గుడ్లు కాదు."

సీతాబాయి ఒక క్షణం ఆలోచించింది. నష్టమేమీ కనిపించలేదు.

"పెట్టు. నా కొట్టంల ఏది పిల్లలైతే అది నాదే," అంది. "నీకు రెండు పిల్లలిస్తలే, ఫికర్ చెయ్యకు."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖంలో దౌర్జన్యం లేదు, కోపం లేదు. దానం చేసేవాళ్ల ముఖంలో ఉండే తృప్తి ఉంది. రుక్కమ్మ ఆ ముఖం మీంచి చూపు తిప్పి కోడి వైపు చూసింది. ఒప్పుకోకపోతే పది పిల్లలు పెంకుల్లోనే చస్తాయి. ఒప్పుకుంటే పరాయి ఇంట పుడతాయి. ఆమె ఒప్పుకుంది. తల ఊపలేదు, మాట ఇవ్వలేదు, ఇంటికి వెళ్లి గంప తెచ్చింది.

దీపాలు పెట్టే వేళకు గుడ్లను కొట్టం మూలన చేర్చి, కోడిని చంకలో పెట్టుకుని, తలను పైటతో కప్పి, రొమ్ము కింద అరచెయ్యి ఉంచి నెమ్మదిగా దించింది. కోడి కాళ్లు ఊకను తాకాయి. గొంతు గరగర ఆగింది. ముక్కుతో ఒక గుడ్డును పొట్టకిందికి లాక్కుంది. తర్వాత ఇంకొకటి. రెక్కలు సడలించి పరుచుకుంది. రుక్కమ్మ పైన బుట్ట బోర్లించి, తెల్లారేదాకా ఎవరూ ఎత్తకూడదని చెప్పి వచ్చింది.

మంగళవారం, బుధవారం రోజుకు రెండుసార్లు పటేలు ఇంటికి వెళ్లింది, ఒకసారి కోడిని లేపడానికి, ఒకసారి నీళ్లు పెట్టడానికి. వెళ్లినప్పుడల్లా మరో పని అంటగట్టారు. వాకిలి అలకాలి. కట్టెలు చీల్చాలి. బుధవారం పొద్దున కోళ్లు కోశారు. ఈకలు పీకడానికి రుక్కమ్మతో పాటు మరో ఆరుగురు ఆడవాళ్లను పిలిచారు. ఆ ఆరుగురూ ఆ కోళ్లు పెంచినవాళ్లే.

కాగే నీళ్లలో ముంచి తీసిన కోడి వాసన తెలియనివాళ్లకు చెప్పి లాభం లేదు. అది గోళ్లలో పడుతుంది, అన్నంలోకి వస్తుంది. ఆ వాసన మధ్య కూర్చుని చంద్రమ్మ ఒక కాలును చేతిలోకి తీసుకుని వేళ్లు లెక్కపెట్టింది. తన ఎర్రకోడికి చిన్నప్పుడు పిల్లి కొరికి ఒక వేలు లేదు. ఈ కాలికీ లేదు. ఆమె ఈకలు పీకడం కొనసాగించింది. పీకుతున్నంతసేపూ ఆ కాలిని వదలలేదు.

"మన కోడిని మనమే బోడి చేస్తున్నం. ఇగ తినిపియ్యను కూడ మననే పిలుస్తరేమో," అంది కిష్టమ్మ.

"తినిపియ్యను పిలువరు," అంది రుక్కమ్మ. "ఎంగిలి ఎత్తను పిలుస్తరు."

పిలిచారు కూడా. అధికారి ఆ మధ్యాహ్నం లింగంపల్లి స్టేషనునుంచి బండిలో వచ్చాడు. ఖద్దరు చొక్కా, నలగని తెల్లని పంచె, మృదువైన కోస్తా మాట. ఆకులో ఎముకలు ఒక పక్కన శుభ్రంగా పేర్చి తిన్నాడు. చెయ్యి కడుక్కుంటూ, చాలా రుచిగా ఉన్నాయండి, ఎక్కడివి అని అడిగాడు. లింగంపల్లి అంగట్లో కొన్నామని పటేలు చెప్పాడు. అధికారి తల ఊపాడు. ఆకులు ఎత్తుతున్న ఆడవాళ్లు ఆ మాట విన్నారు. రెండు నెలల కిందటిదాకా నల్ల షేర్వాణీ వేసుకుని ఇదే అరుగుమీద ఇదే మర్యాదతో అబద్ధాలాడిన పటేలు, ఇప్పుడు తెల్ల టోపీ పెట్టుకుని అదే గొంతుతో ఆడుతున్నాడు. టోపీ కొత్తది. ఆ గొంతు కొత్తది కాదు.

గురువారం తెల్లవారకముందే పెంకుల్లో చప్పుడు మొదలైంది. రుక్కమ్మ వెళ్లేసరికి సీతాబాయి ఒక గుడ్డు చేతిలో పట్టుకుని, పగులు పడ్డ చోట గోటితో ఒలవబోతోంది. పిల్ల కష్టపడుతోంది పాపమంది.

"ఒలవకుర్రి. లోపలి నెత్తురు ఇంకా ఇంకలే. ఒలిస్తె ఆ పొరల నెత్తురొచ్చి సస్తది," అని రుక్కమ్మ ఆ గుడ్డును ఆమె చేతిలోంచి తీసుకుంది. అడిగి కాదు, ఊరికే తీసుకుంది. సీతాబాయి చెయ్యి ఖాళీగా మిగిలింది.

పొద్దెక్కేసరికి తొమ్మిది పిల్లలు బయటికి వచ్చాయి. పదోది పెంకులోనే పోయింది. ఒంటిమీది తడి ఆరేదాకా తల్లి కిందినుంచి తియ్యకూడదు, తొలిరోజు మేత పెట్టకూడదు; పొట్టలో ఇంకా పచ్చసొన ఉంటుంది, దానితోనే గడుస్తుంది. రుక్కమ్మ చచ్చిన గుడ్డును మాత్రం తీసేసి, పెంకులు ఏరి, మూలన కూర్చుంది. సీతాబాయి పిల్లలను లెక్కపెట్టి, వాటిలో రెండు ఏవి ఇవ్వాలో అప్పుడే చూస్తోంది. చిన్నవాటి వైపే ఆమె చూపు పోతోంది.

అరుగుమీద సభ పెట్టారు. కొట్టం అరుగుకు ఆనుకునే ఉంది. ఊరివాళ్లను పిలిచి వరుసగా కూర్చోబెట్టారు. అధికారి లేచి, ఇకమీదట ఈ రాజ్యంలో వెట్టి చాకిరీ లేదని, కూలి ఇవ్వకుండా పని చేయించినా, వెల ఇవ్వకుండా వస్తువు తీసుకున్నా నేరమని, మీరంతా స్వేచ్ఛాపౌరులని చెప్పాడు. బాగా చెప్పాడు. తర్వాత అతని గుమాస్తా ఒక కాగితం చదివాడు. రాయదుర్గంలో వెట్టి ఏమీ లేదని, మకాముకు కావలసిన సామగ్రి అంతా వెల ఇచ్చి కొన్నదేనని, గ్రామస్థులు సాక్ష్యమని అందులో ఉంది. వేలిముద్రలు వేయాలి. చంద్రమ్మ వేసింది. ఆమె వెనక ఇద్దరు మగవాళ్లు వేశారు.

అప్పుడు కొట్టంలోంచి పిల్లల కిచకిచ వినిపించింది. అధికారి ముఖం విప్పారింది. పల్లె ముచ్చట్లంటే ఇష్టమున్నవాడు.

"కోడిపిల్లలా పటేలుగారూ? మీవేనా?"

"మావే సార్. మా ఇంటి గుడ్లే. మొన్న సోమవారం పెట్టించిన. మా ఇంట్ల సిరి, బర్కత్ అట్లుంటది," అన్నాడు రామచంద్రం.

కిష్టమ్మ నవ్వింది. ఆపుకోబోయి ఆపుకోలేక నవ్వింది. ఆమె పక్కనున్న ఆడవాళ్లు తలలు దించుకుని పైటలు నోళ్లకు అడ్డం పెట్టుకున్నారు. ఎందుకు నవ్వుతున్నారని అధికారి అడిగాడు. రుక్కమ్మ కొట్టం గడపదాకా వచ్చింది.

"కోడి పిల్ల కావాల్నంటె ఇరవై ఒక్క దినం సారూ," అంది. "సోమవారం పెడితె గురువారానికి కాదు. పటేలు హుకుం మనుషులకు నడుస్తది, కోడికి నడువది."

అధికారి చిరునవ్వు అక్కడే ఆగింది. అతను తెలివైనవాడు. ఇరవై ఒకటిలోంచి మూడు తీసేస్తే ఎంతో అతనికి తెలుసు. ఆ పద్దెనిమిది రోజులు ఈ కోడి ఎవరి ఇంట కూర్చుందో అడగడం ఒక్కటే మిగిలింది. అతను పటేలు వైపు చూశాడు. తర్వాత తన చేతి వైపు చూసుకున్నాడు. రాత్రి మిగిలిన కూర ఆ పొద్దున కూడా ఆ చెయ్యే తిన్నది.

"ఇంకా వేలిముద్రలు ఎన్ని కావాలి?" అని గుమాస్తాను అడిగాడు.

అతను అర్థం చేసుకోలేదని రుక్కమ్మ అనుకోవడానికి వీలులేదు. అర్థం కావడం ఆమె కళ్లారా చూసింది. ఆ తర్వాత దాన్ని అతను మింగడం కూడా చూసింది. పటేలుమీద ఆమెకు ఎప్పుడూ అసహ్యమే. ఇది వేరు. కడిగిన చేతుల మనిషిమీద కలిగే అసహ్యం వేరు. అది చల్లగా ఉంటుంది.

ఆమె లోపలికి వెళ్లింది. మచ్చల పెట్ట రెక్కలు ఉబ్బించి పిల్లలను కప్పుకుని ఉంది. గంప అంచులు రెండు చేతులా పట్టుకుని లేపి, కోడి కదలకుండా గుండెకు ఆనించుకుని, అరుగు ముందునుంచే, అందరూ చూస్తుండగా నడిచింది.

సీతాబాయి అడుగు ముందుకు వేసింది. రామచంద్రం చెయ్యి చాచి భార్యను ఆపాడు. గంప దించమనాలంటే అది ఎవరిదో చెప్పాలి. తనదంటే ఇరవై ఒక్క రోజులు అడ్డం. రుక్కమ్మదంటే అధికారి చేతిలో ఉన్న కాగితం అడ్డం. వాకిట్లో మొగిలి నిలబడి ఉన్నాడు. పటేలు అతని వైపు చూశాడు. మొగిలి తన మణికట్టును రుద్దుకుంటూ పక్కకు జరిగాడు.

గుమాస్తా సిరా పళ్లెంతో అడ్డం వచ్చాడు. వేలు పెట్టి పొమ్మన్నాడు.

"నా రెండు చేతులు ఖాళీగ లేవు," అంది రుక్కమ్మ.

"గంప దించి పెట్టు."

"దించ."

ఆమె గొంతు పెంచలేదు. గుమాస్తా పళ్లెం పక్కకు తీసి దారి ఇచ్చాడు. ఆమె వెళ్లిపోయాక వరుసలో తర్వాత ఉన్న కిష్టమ్మ ముందుకు పళ్లెం జరిగింది. కిష్టమ్మ రెండు చేతులూ పైటలో చుట్టుకుని నేలవైపు చూస్తూ కూర్చుంది. ఆమె పక్కనున్నామె కూడా అలాగే కూర్చుంది. ఆ తర్వాత పళ్లెం వరుస చివరిదాకా వెళ్లి, ఎవరి వేలూ తగలకుండా తిరిగి వచ్చింది.

మూడు ముద్రలు చాలని అధికారి సంతకం చేశాడు. బండి ఎక్కి లింగంపల్లి వెళ్లాడు. కాగితం పై కచేరీకి చేరింది. అక్కడ దానిమీద ఇంకో సంతకం పడింది, ఆ పైన ఇంకొకటి. రాయదుర్గంలో వెట్టి లేదన్నది ఆ విధంగా ప్రభుత్వానికి తెలిసిన సత్యమైంది.

చదువుకున్నవారూ, సంతకం చేయగలవారూ, ఇలాంటి కాగితాలు మీ బల్లలమీదికి రోజూ వస్తాయి. కింద ఉన్న వేలిముద్రలు లెక్కపెట్టి ఊరుకోకండి. వెయ్యనివాళ్లెందరో కనుక్కోండి. వాళ్ల వాకిళ్లకు మీరే నడిచి వెళ్లి, ఎందుకు వెయ్యలేదో వాళ్ల నోటే వినండి. విన్న తర్వాతే కలం పట్టండి.